మందు చీటీకి ముందూ తర్వాతా

తిరుత్తణి ఎండ సంగతి ఆ చుట్టుపక్కల వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. తమిళనాడులో ఎక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళలో ఏటా ఆ పేరు వినిపిస్తుంది. బైపోలార్ జబ్బుకు లిథియం మాత్రలు వాడుతున్న మనిషికి ఈ ఎండ ఒక వైద్య సమస్య. మూత్రపిండాలు సోడియంనూ లిథియంనూ చాలావరకు ఒకే తీరున చూస్తాయి. చెమటలో ఉప్పూ నీరూ పోయి ఒంట్లో సోడియం తగ్గితే, ఉన్న సోడియంను దాచుకునే క్రమంలో అవి లిథియంను కూడా రక్తంలోకే తిప్పి పంపుతాయి. రక్తంలో లిథియం లీటరుకు సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ దాకా ఉంటే అది మందు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. మందుకీ విషానికీ మధ్య జాగా అంతే. ఆడికృత్తికకు మొక్కు ఉన్న ఒక భక్తుణ్ణి ఊహించండి. కొన్ని రోజులు ఉప్పు మానేసి, ఉపవాసం ఉండి, కావడి భుజాన పెట్టుకుని కొండమీది సుబ్రహ్మణ్యస్వామి దగ్గరికి 365 మెట్లూ ఎక్కుతాడు. దిగాక కాళ్ళు లాగుతుంటే మందుల షాపులో అడిగి ఒక నొప్పి మాత్ర వేసుకుంటాడు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు లిథియంను ఇంకా పైకి తోస్తాయి. ఇక చేతులు వణుకుతాయి, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి, నడక తూలుతుంది, మాట తడబడుతుంది. చూసినవాళ్ళలో ఒకరు పూనకం అంటారు, ఒకరు తాగాడంటారు, ఇంట్లోవాళ్ళు జబ్బు తిరగబెట్టిందని కంగారుపడి ఇంకో మాత్ర వేస్తారు.

ఇక్కడ తప్పు మందుది కాదు, చీటీ రాసిన డాక్టరుదీ కాదు. భక్తి తప్పు అసలే కాదు. పండక్కి పది రోజుల ముందు, “ఈసారి కావడి ఎత్తుతున్నారా? ఉప్పు మానేస్తారా? నీళ్ళు ఎంత తాగుతున్నారు?” అని అడిగి, మొక్కు చెడకుండా ఒళ్ళు కాపాడుకునే దారి డాక్టరుతో మాట్లాడి చెప్పే మనిషి ఒకరు లేకపోవడమే లోటు. మనోవైద్యంలో ఆ మనిషి పేరు నర్సు. ఈ అధ్యాయంలో నేను వాదించేది ఒక్కటే. మానసిక చికిత్సకు మందూ పడకా డాక్టరూ అన్నీ కావలసినవే. కానీ అవి రోగి బతుకులోకి చేరి ఫలితమివ్వాలంటే శిక్షణ పొందిన ఒక మనిషి రోజుల తరబడి రోగిని గమనిస్తూ, అతనితో మాట్లాడుతూ, మాట నిలబెట్టుకుంటూ ఉండాలి. మనోరోగ నర్సింగ్ పునాది అది. మన దగ్గర అన్నిటికన్నా కొరవడిందీ అదే.

చరిత్ర ఈ సంగతిని మొదటినుంచీ చెబుతూనే ఉంది, మనం మరొకరి పేరు గుర్తుపెట్టుకున్నాం. పారిస్‌లో మనోరోగుల సంకెళ్ళు తెంచినవాడంటే వైద్య విద్యార్థులందరూ ఫిలిప్ పినెల్ పేరు చెబుతారు. బిసెత్ర్ ఆసుపత్రిలో 1797లో ఆ పని చేసినవాడు జాన్ బాతిస్త్ ప్యుసాఁ. డాక్టరు కాదు, ఆ వార్డును చూసుకునే పర్యవేక్షకుడు. తానే ఒకప్పుడు గండమాల జబ్బుతో ఆ ఆసుపత్రిలో చేరినవాడు. భార్య మార్గరీత్‌తో కలిసి రాత్రింబవళ్ళు రోగుల మధ్య ఉండి, ఎవరు ఎప్పుడు ఉద్రేకపడతారో, ఏ మాటకు చల్లబడతారో గమనిస్తూ వచ్చాడు. పినెల్ తన రాతల్లో అతని ప్రతిభను దాచుకోకుండా మెచ్చుకున్నాడు. సంకెళ్ళ అవసరం లేదని ప్యుసాఁకు తెలిసింది సిద్ధాంతం వల్ల కాదు, చూడడం వల్ల. ఆ చూపుకు శాస్త్రరూపం ఇవ్వడానికి ఇంకో నూటయాభై ఏళ్ళు పట్టింది. అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ 1952లో వెలువరించిన పుస్తకంలో, నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే ఒక చికిత్సా సాధనమనీ, దానికి ఆరంభం, నడక, ముగింపు ఉంటాయనీ, ప్రతి దశలో నర్సు చేయవలసిన పని వేరనీ వివరించింది. రాతప్రతి కొన్నేళ్ళ ముందే సిద్ధమైంది. డాక్టరు పేరు తోడు లేకుండా ఒక నర్సు ఒంటరిగా ఇలాంటి పుస్తకం రాయడం అప్పటి ప్రచురణకర్తలకు మింగుడుపడక ఆలస్యమైంది. మన దేశంలో బెంగళూరులోని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, ఇప్పటి నిమ్‌హాన్స్, 1950ల నడుమే మనోరోగ నర్సింగ్‌లో డిప్లొమా మొదలుపెట్టింది. ఆలోచన మనకు కొత్తగా వచ్చింది కాదు.

అయితే మొదటి ఆక్షేపణ చాలా సహజమైనది: ఇందులో శాస్త్రం ఏముంది, దయగా ఉండడమే కదా, కన్నతల్లి చేసే పనికి డిప్లొమా ఎందుకు? దయ కావాలి, కాదనను. దయ ఒక్కటే చాలదని చూపడానికి ఒక్క లక్షణం చాలు. స్కిజోఫ్రీనియాకు హాలోపెరిడాల్ లాంటి మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకు కొందరిలో అకథీసియా వస్తుంది. కూర్చోలేరు. కూర్చున్నా కాళ్ళు మార్చి మార్చి ఆడిస్తారు, నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తారు, గదిలో ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంటారు. లోపల భరించలేని తహతహ. ఎంతో ప్రేమగల తల్లి కూడా దీన్ని చూసి పిచ్చి ముదిరిందనే అనుకుంటుంది. ఆ మాటే డాక్టరుకు చెబితే మోతాదు పెరగవచ్చు, మోతాదు పెరిగితే తహతహ ఇంకా పెరుగుతుంది, చివరికి రోగి మందు విసిరికొడతాడు. కొందరిని ఆ బాధ ఆత్మహత్య ఆలోచనల దాకా నెడుతుంది. శిక్షణ ఉన్న నర్సు రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఇది మందుకు ముందు ఉందా, తర్వాత వచ్చిందా? తిరగాలని మీకే అనిపిస్తోందా, తిరగకుండా ఉండలేక తిరుగుతున్నారా? జవాబులు రాసి డాక్టరు ముందు పెడితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, ప్రొప్రనొలాల్ కలపడమో జరుగుతుంది. ఒకే దృశ్యాన్ని ప్రేమ ఒకలా చదివింది, ప్రేమతోపాటు చదువు కూడా ఉన్న కన్ను మరోలా చదివింది.

మాట విషయంలోనూ అంతే. పక్కింటివాళ్ళు అన్నంలో విషం కలుపుతున్నారని నమ్మే మనిషితో ఇంట్లోవాళ్ళు రెండు పనుల్లో ఒకటి చేస్తారు. అంతా నీ భ్రమ అని వాదిస్తారు, లేదా గొడవ ఎందుకని అవునవునంటారు. వాదిస్తే నమ్మకం ఇంకా బిగుసుకుంటుంది, అవునంటే భ్రమకు సాక్ష్యం దొరుకుతుంది. నర్సు నేర్చుకునేది మూడో దారి. విషం ఉందనదు, లేదని పోట్లాడదు. “నాకు అలా అనిపించడం లేదు, కానీ మీరు ఎంత భయపడుతున్నారో తెలుస్తోంది, రాత్రి నిద్ర పట్టిందా?” అంటుంది. సంభాషణ విషం మీంచి భయం మీదికి, భయం మీంచి నిద్ర మీదికి, నిద్ర మీంచి ఇవాళ ఏమైనా తిన్నాడా అన్నదాని మీదికి నడుస్తుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడమూ ఈ చదువులో భాగమే. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది జంకుతారు. అలా పుట్టదని పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చూపించాయి. అడిగితే చాలామందికి గుండె బరువు కాస్త దిగుతుంది.

రెండో ఆక్షేపణ ఈ నేలమీదే పుట్టింది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. తిరుత్తణి దగ్గరి తిరువాలంగాడు వటారణ్యేశ్వరుడి నృత్యసభకు పేరుపడ్డ ఊరు. నటరాజు అయిదు సభల్లో రత్నసభ ఇక్కడిది. లోకం దృష్టిలో అందమనిపించుకునేదాన్ని వదులుకుని పేయి (దయ్యం) రూపం కోరుకున్న కారైక్కాల్ అమ్మయ్యార్ ఇక్కడే శివుడి పాదాల దగ్గర నిలిచిందని భక్తుల నమ్మకం. పక్కనే పళయనూరులో నీలి కథ చెప్పుకుంటారు. మొగుడి చేతిలో చచ్చి దయ్యమై వచ్చి పగ తీర్చుకున్న ఆడమనిషి కథ, ఇచ్చిన మాటకోసం మంటల్లో దూకిన డెబ్బైమంది వేళాళుల కథ. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేట్లో అమావాస్యనాడు మునిగి, బెల్లం వేసి, జబ్బు కరిగిపోవాలని మొక్కుకునేవాళ్ళు నేటికీ వేలల్లో వస్తారు. ఇలాంటి చోట మనిషి మాట మారితే, చూపు మారితే, ముందు వినిపించేది గాలి సోకిందనే. ముందు వెళ్ళేది గుడికో, దర్గాకో, తాయెత్తు కట్టేవాడి దగ్గరికో. అక్కడ నయమవుతుంటే నర్సు ఎందుకని అడిగేవాళ్ళకు జవాబు చెప్పాలి.

దీనికి మంచి ఆధారం తమిళనాడులోనే ఉంది. వేలాయుధంపాళయంపుదూరులోని ముత్తుస్వామి గుడికి వచ్చిన 31 మందిని నిమ్‌హాన్స్‌కు చెందిన రఘురామ్ బృందం పరిశీలించి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. వాళ్ళలో ఎక్కువమంది తీవ్రమైన మనోవ్యాధి ఉన్నవాళ్ళే. కొన్ని వారాలు గుడిలో ఉన్నారు, ఆ కాలంలో మందులేవీ వాడలేదు. లక్షణాల తీవ్రతను కొలిచే మాపనంలో సగటు 52.9 నుంచి 42.9కి దిగింది. దాదాపు అయిదో వంతు తగ్గుదల. పోల్చి చూడడానికి వేరే గుంపు లేదు, సంఖ్యా చిన్నది, కాబట్టి గుడి మందుకు సమానమని దీన్నిబట్టి అనలేం. అయినా అక్కడ ఏం జరిగిందో చూడండి. దయ్యం వదిలించే తంతులేవీ లేవు. పొద్దున కాసేపు పూజ, తర్వాత గుడి ఊడ్వడం, మొక్కలకు నీళ్ళు పోయడం లాంటి చిన్న పనులు, తోడుగా ఇంటిమనిషి, ఎవరూ కసురుకోని చోటు. వేళకు తిండి, చేతికి పని, భయం లేని మాట, తోడు. ఒక మంచి మనోరోగ వార్డులో నర్సు రోజంతా కట్టే చట్రం ఇదే. గుడి ఫలితం నా దృష్టిలో నర్సింగ్‌కు వ్యతిరేక సాక్ష్యం కాదు, అనుకూల సాక్ష్యం. కాకపోతే గుడి ప్రాంగణంలో అకథీసియాను గుర్తుపట్టేవాళ్ళుండరు, మాత్ర మానేస్తే వచ్చే ముప్పు చెప్పేవాళ్ళుండరు. చట్రం చెడ్డవాళ్ళ చేతిలో పడితే అడ్డుకునేవాళ్ళూ ఉండరు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా దగ్గర ప్రైవేటుగా నడుస్తున్న ఆశ్రయంలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేకపోయారు. 28 మంది కాలిపోయారు. నమ్మకం వాళ్ళను చంపలేదు, గొలుసు చంపింది.

గొలుసును సమర్థించేవాళ్ళు అందరూ క్రూరులు కారు. కొట్టడానికి మీద పడే కొడుకును ముసలి తల్లి ఏం చేయగలదని అడుగుతారు. నిజమైన ప్రశ్న. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని 95వ సెక్షన్‌లో తేల్చి చెప్పింది. తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే మార్గమే లేనప్పుడు మాత్రమే, మనోవైద్యుడి అనుమతితో, అవసరమైనంత సేపే శారీరక నిర్బంధం ఉండాలంది. చట్టం గొలుసు వద్దంది గానీ దాని స్థానంలో ఏం పెట్టాలో నేర్పేది నర్సింగ్ పరిశోధనే. బ్రిటన్‌లో లెన్ బవర్స్ అనే నర్సు నాయకత్వంలో సేఫ్‌వార్డ్స్ అనే ప్రయోగం జరిగింది. 15 ఆసుపత్రుల్లోని 31 వార్డుల్లో కొన్నిటికి పది చిన్న అలవాట్లు నేర్పారు. కాదనాల్సి వచ్చినప్పుడు మెత్తగా చెప్పే తీరు, ఇంటినుంచి చెడ్డవార్త వచ్చినప్పుడు ముందే పక్కన కూర్చోవడం, కోపం ఎక్కుతున్నప్పుడు గొంతు తగ్గించి మాట్లాడే క్రమం, రోగులూ సిబ్బందీ ఒకరి ఇష్టాలు ఒకరు తెలుసుకోవడం, ఇలాంటివి. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం గొడవలు 15 శాతం తగ్గాయి. బంధించడం, బలవంతంగా మందు ఇవ్వడం వంటి నిర్బంధ చర్యలు 26 శాతం తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఉద్రేకం ఉన్నట్టుండి ఊడిపడదు. దానికి ముందు ఒక తిరస్కారమో, ఆకలో, అవమానమో, నిద్రలేమో ఉంటుంది. దాన్ని గంట ముందు చూడగలిగితే గొలుసుతో పని పడదు. ఆ ముసలి తల్లికి మనం ఇవ్వవలసింది ఈ చూపు, ఫోన్ చేస్తే ఇంటికి వచ్చే ఒక మనిషి. తాళంకప్ప కాదు.

ఇక కుటుంబం. ఈ విషయంలో దక్షిణాదికి గర్వపడదగ్గ వారసత్వం ఉంది. తిరుత్తణికి ఎంతో దూరం లేని వేలూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వారి మానసిక ఆరోగ్య కేంద్రం 1950ల చివరినుంచే రోగితోపాటు ఇంటిమనిషీ ఉండే పద్ధతి పెట్టింది. అంతకు కొంచెం ముందు అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి కుటుంబాలను రోగుల దగ్గరే ఉంచాడు. పాశ్చాత్య దేశాల్లో ఇంటివాళ్ళను గేటు బయటే ఆపుతున్న రోజులవి. తర్వాత లండన్‌లో జరిగిన అధ్యయనాలు ఇంట్లో ఎత్తిపొడుపులూ ద్వేషమూ ఎక్కువగా ఉంటే స్కిజోఫ్రీనియా తిరగబెట్టే అవకాశం ఎక్కువని తేల్చాయి. 1987లో చండీగఢ్‌లో చూస్తే అలాంటి వాతావరణం లండన్ ఇళ్ళలో కన్నా తక్కువగా కనిపించింది, ఉన్నచోట మాత్రం ద్వేషం నష్టం చేస్తూనే ఉంది. మన కుటుంబం బలం అన్నది నిజమే. కానీ “సోమరిపోతు, తిని పడుకుంటాడు” అని రోజూ అనే తండ్రికి, ఆ నిరుత్సాహం జబ్బులో భాగమని ఎవరైనా చెప్పాలి. ఒకసారి చెబితే చాలదు. ఆరు నెలలపాటు, ప్రతి రాకలో, అలసిపోయిన ఆ తండ్రి గోడు కూడా వింటూ చెప్పాలి. ఓపీలో క్యూ చూస్తున్న డాక్టరుకు అంత సమయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మార్పు చట్టంతో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్కే పేట వైపు పల్లెల్లో ఇళ్ళలో తెలుగు, బడిలో తమిళం, సంతలో రెండూ. మామూలు రోజుల్లో ఎవరికీ ఇబ్బంది లేదు. మనసు చెదిరినప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. గుండెజబ్బును ఈసీజీ పట్టుకుంటుంది, మధుమేహాన్ని రక్తపరీక్ష పట్టుకుంటుంది. మనోవ్యాధికి ప్రధాన పరీక్ష మాటే. ఆలోచన తెగిపోతోందా, వరుస తప్పుతోందా, చెవిలో వినిపించే గొంతు ఏమంటోంది, ఆ గొంతు ఎవరిది అన్నవన్నీ మాటలోంచే తెలియాలి. వచ్చీరాని భాషలో అడిగితే వచ్చే తడబాటు జబ్బు లక్షణమో, భాష ఇబ్బందో తేల్చడం కష్టం. “కడుపులో ఏదో దేవినట్టుంది, గుండె దడ, కాలూ చెయ్యీ ఆడట్లేదు” అని ఒక ముసలావిడ తెలుగులో చెప్పిన గోడు, “ఒంట్లో నలత” అన్నంత మేరకే చీటీలోకి ఎక్కితే, డిప్రెషన్ అక్కడే తప్పిపోతుంది. అందుకే ఈ సరిహద్దు బ్లాకుల్లో రెండు భాషలూ ఇంటిభాషల్లా వచ్చిన నర్సు ఉండడం మర్యాద కోసం కాదు, రోగనిర్ధారణలో ఖచ్చితత్వం కోసం.

చివరి ఆక్షేపణ బలమైనది: ఇవన్నీ సరే, మనుషులెక్కడ? 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదు. ముందు మనోవైద్యులను తయారుచేయండి, నర్సుల మాట తర్వాత అనేవాళ్ళున్నారు. మనోవైద్యులు కావాలి. కానీ నెలకోసారి కొద్ది నిమిషాలు చూసే వైద్యుడు ఎంత ప్రతిభావంతుడైనా మిగిలిన ఇరవై తొమ్మిది రోజులను పూరించలేడు. పూరించడం సాధ్యమేనని పరీక్షించిన ప్రయోగం పొరుగునే జరిగింది. గోవా, మహారాష్ట్రలోని సతారా, తమిళనాడులోని కాంచీపురం జిల్లాల్లో స్కిజోఫ్రీనియా ఉన్న 282 మందితో చేసిన పరిశోధన 2014లో లాన్సెట్‌లో వచ్చింది. కాంచీపురంలో పనిచేసింది 1984లో డాక్టర్ శారదా మేనన్ చెన్నైలో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ. శిక్షణ ఇచ్చిన స్థానిక కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి మందులూ, కుటుంబమూ, పనీపాటా చూసుకుంటూ ఏడాది తోడున్నారు. మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్ళకన్నా లక్షణాలూ అశక్తతా కొంత తగ్గాయి. మేలు మొత్తంమీద ఒక మోస్తరే. అయితే వేరే సేవలు తక్కువగా ఉన్న కాంచీపురం పల్లెల్లో అది స్పష్టంగా కనిపించింది. తిరుత్తణి ఉన్న తిరువళ్ళూరు జిల్లా, కాంచీపురం జిల్లా 1997 దాకా ఒకే చెంగల్పట్టు జిల్లా. పల్లెల తీరు ఒకటే. ఆ కార్యకర్తలు నర్సులు కారు. అంత కొద్ది శిక్షణకే అంత మేలు జరిగితే, మందుల దుష్ఫలితాలు కూడా తెలిసిన నర్సు చేతిలో అంతకన్నా మేలు జరుగుతుందని ఆశించడం అత్యాశ కాదు.

అలాగని ఈ పని కూడా ఊరి నర్సమ్మ నెత్తిన పెట్టెయ్యమని నేననను. గర్భిణులు, టీకాలు, బీపీ, షుగరు, రిజిస్టర్లు ఇప్పటికే ఆమె మోస్తోంది. ఇంకో కాలమ్ కలిపితే అది నిండుతుంది తప్ప పని జరగదు. జిల్లా మానసిక ఆరోగ్య పథకం 1996లో నాలుగు జిల్లాలతో మొదలైంది. వాటిలో తమిళనాడు నుంచి తిరుచ్చి, తెలుగు నేల నుంచి మెదక్ ఉన్నాయి. పథకం దేశమంతా విస్తరించినా, దాని చేయి జిల్లా కేంద్రం దగ్గరే ఎక్కువగా ఆగిపోతుంది. తిరువళ్ళూరులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. శిక్షణకు చోటుంది. కావలసింది బ్లాకుకో పూర్తికాలపు మానసిక ఆరోగ్య నర్సు. మొదట తిరువాలంగాడు, తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్కే పేట బ్లాకుల్లో వేయండి. తెలుగూ తమిళమూ రెండూ వచ్చినవాళ్ళనే ఎంచండి. మూడేళ్ళపాటు బదిలీ చేయకండి, ఎందుకంటే నమ్మకం కుదరడానికే కొన్ని నెలలు పడుతుంది. ఇళ్ళకు వెళ్ళడానికి బండి ఇవ్వండి, వారానికోసారి మనోవైద్యుడితో కూర్చుని కేసులు మాట్లాడుకునే వేళ ఇవ్వండి. ఈ ఊళ్ళలో ఉన్న పాఠకులు గ్రామసభలో ఈ మాట ఎత్తాలని నా విన్నపం. అది జరిగేలోపు ఇంట్లో ఎవరికైనా సాయం కావలసివస్తే, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు.